పక్కింటి పొగకు టీక

మూలం: "మా ఫైర్‌పిట్‌లో వేసింది నిఖార్సయిన కొత్తగూడెం బొగ్గండీ. నిప్పన్నాక పొగ రాదా?"

అవతారిక: మార్గశిర మాసంలో ఒక శనివారం రాత్రి ప్రహరీగోడ అవతలి నుంచి పొరుగువారు సెలవిచ్చిన వాక్యం. శ్రోత నేను, ముక్కుకు తువ్వాలు కట్టుకొని.

టీక: మా, లో, అండీ: సుగమాలు. ఫైర్‌పిట్ = నెగడు. మా తాత కళ్లంలో నాలుగు రాళ్లు పేర్చి, మంటేసి, పాలేళ్లతో కలిసి చలి కాగేవాడు. గ్రానైట్ అంచు లేదు గనక ఆయనకు తెలుగు పేరే చాలింది.

బొగ్గు = నానార్థం. కుంపట్లోది కట్టెబొగ్గు. గనిలోది నేలబొగ్గు, రాక్షసిబొగ్గు. ఈ రాక్షసి ఎవరు? 1871లో యెల్లందు దగ్గర ఈ బొగ్గును కనిపెట్టిన దొర డాక్టర్ విలియం కింగ్. ఆయన పేరున ఒక పొర కింగ్ సీమ్ అయింది; ఇంకోటి క్వీన్ సీమ్. రాజూ రాణీ కొలువున్న చోట రాక్షసి ఎలా పుట్టిందో మొన్నటి శనివారం దాకా నాకు బోధపడలేదు.

నిప్పన్నాక పొగ రాదా = ఇక్కడ కాస్త నిలవాలి. పొగ ఉన్నచోట నిప్పుంటుందన్నది తర్కం. వీరు దాన్ని తిరగేశారు. ఈ తిరగేతను మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఎప్పుడో పట్టేశాడు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగేదీ? పొగకు తడి వంటచెరుకు తగలాలి. తర్కంలో ఈ అదనపు షరతు పేరు ఉపాధి.

పూర్వపక్షం: బొగ్గు తడిది కాదే? సమాధానం: బస్తా మొన్నటి తుపానులో పెరట్లోనే నానిందని వారి పనిమనిషే చెప్పింది. అన్నంభట్టుకు నమస్కారం.

ఎండుబొగ్గయినా ఆ గుంతలో ఇంతే. అడుగున ఊచలు లేవు, కింది నుంచి గాలికి దారి లేదు. బొగ్గు వేడెక్కగానే పుట్టే వాయువులు మండకుండానే, గంధకపు కంపుతో, మా కిటికీలోకి దయచేస్తాయి. గనుల ఊళ్లలో ఇల్లాళ్లు బొగ్గుపొయ్యిని వాకిట్లో రాజేసి, పొగంతా పోయాకే లోపలికి తెచ్చేవారు. వాళ్లు తర్కం చదవలేదు.

అన్నట్టు, అతిథులు పదిన్నరకే దగ్గుతూ లేచిపోయారు. బొగ్గు కణకణలాడింది పన్నెండింటికి. దాని ముందు వీధికుక్క ఒకటి హాయిగా ముడుచుకు పడుకుంది.

తాత్పర్యం: అయ్యా, మా అమ్మకు ఉబ్బసం. తెల్లవార్లూ దిండుకానుకుని కూర్చునే ఉంది. పొద్దున దండెం మీది పంచెపై మసినలుసును గోటితో మీటబోతే జానెడు గీత అయింది. ఎండు కొబ్బరిమట్టలు మా ఇంట్లో బోలెడున్నాయి. పంపించమంటారా?