నడక అరగంట, దోశ పది నిమిషాలు

తెల్లవారకముందే హైదరాబాద్ కేబీఆర్ పార్కులో అరగంట చెమటోడ్చిన దేహం సుమారు 150 కిలోకేలరీల శక్తిని ఖర్చుచేయగా, ఆ విజయోత్సవంలో ఆరగించే నెయ్యి కారం దోశ అంతకు రెట్టింపును పది నిమిషాల్లో తిరిగి సమకూరుస్తుంది. నడిచామన్న ధీమాతో అధికంగా భుజించి, మిగిలిన దినమంతా సోఫాకు అంకితం కావడాన్ని శాస్త్రజ్ఞులు పరిహార ప్రవర్తన అంటారు. ప్రభుత్వ పరిహారంలా కాక ఇది దరఖాస్తు లేకుండానే, జరిగిన నష్టానికి మించి అందుతుంది.

ఈ పరిహారం తిండితోనే ఆగదు. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వి జీవించే హద్జా ప్రజలు సైతం, దేహ పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, కుర్చీలకు అతుక్కున్న పాశ్చాత్యులంత శక్తినే వెచ్చిస్తున్నారని పరిశోధకుడు హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో ప్రకటించింది. శ్రమ పెరిగినకొద్దీ దేహం ఇతర పద్దుల్లో గుట్టుగా కోత పెట్టుకుంటుందన్నది ఈ పరిశోధకుల వాదం. ఏ ఆర్థిక మంత్రికీ ఇంతటి క్రమశిక్షణ పట్టుబడలేదు.

నడక గుండెకూ, రక్తంలో చక్కెర అదుపుకూ మేలుచేస్తుందన్నది నిర్వివాదమే గాని, గుండె ఆరోగ్యాన్ని ఫొటో తీసి వాట్సాప్ బృందంలో పెట్టే వీలు లేనందున, ఎంత నడిచినా బరువు తగ్గలేదని ప్రజానీకం తూచే యంత్రాన్ని శంకించి, దాని బ్యాటరీ మారుస్తున్నది.