కొల్లేటి బరకాన్ని నేను

నేను మగ్గం మీదే పుట్టాను గానీ నాలో నూలుపోగు ఒక్కటీ లేదు. పాలిథిన్ గుళికల్ని కరిగించి పొరగా సాగదీసి, ఆ పొరని సన్నటి పట్టీలుగా చీల్చి, వాటితో నన్ను నేశారు. నేతన్నాక సందులుంటాయి కదా, చుక్క నీరు దిగకుండా రెండు వైపులా మళ్లీ పాలిథిన్ పూత పూశారు. అంచులు మడిచి, లోపల తాడు పెట్టి అతికించి, మూడేసి అడుగులకి ఒక అల్యూమినియం కన్ను దిగ్గొట్టారు. బిల్లు మీద నా పేరు టార్పాలిన్. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఎవరినడిగినా బరకం అంటారు.

తాడేపల్లిగూడెంలో ఒక కొట్టు గోడకి మమ్మల్ని చుట్టలు చుట్టి నిలబెట్టారు. అది ఉల్లిపాయల మార్కెట్ ఊరు. లారీల మీద కప్పడానికి బరువైన బరకాలు అక్కడ తెగ పోతాయి. నా పక్కనున్న లావుపాటి వాళ్లంతా వారం తిరక్కుండా వెళ్లిపోయేవాళ్లు. నేను మధ్యరకం. నన్నెవరూ అడిగేవాళ్లు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం కొల్లేటి లంక నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. కొట్టతను అలవాటుగా లావు బరకం లాగి పరిచాడు.

"రెండొందల యాభై జీఎస్ఎం బాబాయ్. ఎన్నేళ్లయినా చెక్కు చెదరదు."

"లారీ మీద కప్పడానికి కాదబ్బాయ్, దోనెలో ఏసుకెళ్లాలి. తేలిగ్గా ఉండేది చూపించు."

జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములన్న లెక్క. తొమ్మిదడుగులు పన్నెండడుగుల బరకమంటే కాస్త అటూ ఇటూగా పది చదరపు మీటర్లు. రెండొందల యాభై రకం రెండున్నర కిలోలు తూగుతుంది. నేను నూటఇరవై రకం, కిలో రెండొందలు. నాకంటే పల్చటిది డెబ్భై రకం, ఏడొందల గ్రాములే. తాటిదోనె ఎక్కినవాళ్లకే తెలుస్తుంది ఆ తేడా. తాటిమాను తొలిచి చేసిన దోనెలో ఇద్దరు మనుషులు, చేపలు పట్టే మావులు, వలలు, తిరిగొచ్చేటప్పుడు చేపలు ఉంటాయి. ఒక పక్కకి బరువు పడితే ఒరిగిపోతుంది. పైగా బరువనిపించిన సామాను "ఈ పూటకి వద్దులే" అని ఇంట్లో ఉండిపోతుంది. వాన మాత్రం సరిగ్గా ఆ పూటే వస్తుంది.

పెద్దాయన చెయ్యి ముందు డెబ్భై రకం మీదికే పోయింది. గుమ్మంలోకి తీసుకెళ్లి ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. పూతలో సూదిమొనంత వెలుతురు చుక్కలు కనిపించాయి. కంట్లో బొటనవేలు దూర్చి గట్టిగా లాగాడు, కన్ను ఊడి చేతికొచ్చింది. తరవాత నన్ను పట్టాడు. చుక్కల్లేవు. కన్ను లాగాడు, రాలేదు. మూలని గట్టిగా మడిచి గోటితో గీశాడు, పూత లేవలేదు.

"నీలం రంగు ఇవ్వనా?"

"పసుపే ఉండనియ్యి. నీళ్లలో, జమ్ములో నీలం ఎవడిక్కనిపిస్తుంది? రాత్రి టార్చి ఏస్తే పసుపు దూరం నుంచి తెలుస్తుంది."

రంగు గురించి ఆయనన్న ఆ మాట విలువ నాకు చాలా కాలానికి తెలిసింది. చాలామంది ఆశ్రయం ఎన్నుకునేటప్పుడు వానా ఎండా మాత్రమే చూస్తారు. తప్పిపోతే వెతికేవాళ్ల కంటికి కనిపించడం కూడా దాని పనే.

అలా కొల్లేరు చేరాను. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లన్నీ ఇక్కడికి చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోతాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. పిట్టని పడితే 1972 నాటి చట్టం కింద నేరం. మావాళ్ల వేట చేపల వేట. సాయంత్రం మావులు పెట్టి, ఏ దిబ్బ మీదో రాత్రి గడిపి, తెల్లారుజామున ఎత్తుకుంటారు. ఆ దిబ్బ మీద ఇల్లు నేనే.

నాకు ముందు ఈ పని జమ్ముగూడ చేసేది. కొల్లేటి జమ్ముతోనే అల్లి, నెత్తి మీంచి వీపు మీదికి దిగేలా కట్టుకునేవాళ్లు. వంగి పని చేసేవాడికి అది మహా సుఖం, గాలాడుతుంది, చెమట పట్టదు. కానీ అందులో పడుకోలేరు. గట్ల మీద గొర్రెలు కాసేవాళ్ల గొంగళి ఇంకో రకం. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, ఆ గుణం నాకు లేనే లేదు. కాకపోతే నీళ్లు తాగిన గొంగళి మొయ్యలేనంత బరువు.

నన్ను కట్టడంలో పెద్దాయన పద్ధతి చెప్పాలి. దోనె తోసే వెదురు గెడని రెండు కర్రల మీద అడ్డంగా, నడుమెత్తుకి మించకుండా కట్టేవాడు. ఎత్తుగా కడితే గాలి లోపల దూరి నన్ను తెరచాప చేసేస్తుంది. గాలి వచ్చే వైపు అంచుని నేలదాకా దించి, దాని మీద తడి గుర్రపుడెక్క కుప్పగా వేసేవాడు. కొల్లేటి బురదలో రాయి దొరకదు, గుర్రపుడెక్కకి మాత్రం కరువు లేదు. కన్ను ఊడిన చోట నత్తగుల్లని లోపలి నుంచి పెట్టి, గుడ్డ మీంచి దాని మెడకి తాడు బిగించేవాడు. అలా కట్టిన ముడి కంటికంటే గట్టిగా నిలిచేది, ఎందుకంటే లాగుడు ఒక్క చిల్లు మీద పడదు, గుల్ల చుట్టూ సర్దుకుంటుంది. కింద ఎండు జమ్ము మందంగా పరిచేవాడు. ఎంత కప్పుకున్నా తడి నేల వీపులోంచి వేడి లాగేస్తుందని ఆయన ఎక్కడా చదవలేదు, నడుం నొప్పులే నేర్పాయి.

మనవడు తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుకి చేరాడు. అక్కడ స్నేహితులతో కొండలెక్కడం అలవాటై, ఒక సెలవుల్లో అరచేతిలో ఇమిడే పొట్లం తెచ్చి దాదాపు నా మీదే పడేశాడు.

"తాతా, ఇది దుప్పటి. యాభై అరవై గ్రాములే ఉంటుంది."

విప్పితే వెండిలా మెరిసే పొర, ముట్టుకుంటే గలగలమంది. పాలిస్టర్ పొర మీద అల్యూమినియం ఆవిరి పట్టించి చేస్తారట. మందం పన్నెండు మైక్రాన్లు, తలవెంట్రుకలో నాలుగో వంతు కూడా ఉండదు. అమెరికా అంతరిక్ష సంస్థ 1960ల్లో తయారు చేయించుకున్న సరుకు. 1973 మేలో స్కైలాబ్ పైకెళుతూ కవచం పోగొట్టుకుని లోపల వేడెక్కిపోతే, వ్యోమగాములు ఇలాంటి పూత పట్టించిన గుడ్డనే గొడుగులా విప్పి నీడ పట్టారని మనవడు చెప్పాడు. అక్కడ ఎండని వెనక్కి కొట్టింది. ఇక్కడ ఒంట్లోంచి వెలువడే వేడిని వెనక్కి ఒంటికే పంపుతుంది.

"మనకి మంచు పడదు కదరా, ఇదెందుకు?" అన్నాడు పెద్దాయన. ఆ మాటకి నేనూ సంతోషపడ్డాను.

ఆ అక్టోబరులో వాయుగుండం పట్టింది. ముసురు మొదలై ఈశాన్యం గాలి తిరిగింది. ఆ పూట వేటకి మనవడూ వెంట వచ్చాడు. దిబ్బ దగ్గర దోనె కట్టబోతూ పెద్దాయన తమ్ముడు కాలు జారి గొంతుదాకా నీళ్లలోకి దిగిపోయాడు. గడ్డి పట్టుకుని పైకొచ్చేసరికి పళ్లు టకటకలాడుతున్నాయి. కొల్లేటి నీళ్లు వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఏమీ ఉండవు. కానీ గాలి కంటే నీరు దాదాపు పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగుతుంది. ఆపైన తడి బట్టలు, గాలి. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే ప్రమాదంలో పడ్డట్టే. దానికి హిమాలయాలు అక్కర్లేదు.

"అన్నయ్యా, ఒక చుక్క మందుంటే ఇయ్యి, వణుకు తగ్గుద్ది."

"వద్దు చిన్నతాతా" అని మనవడు అడ్డుపడ్డాడు. మందు పడగానే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, వెచ్చగా అనిపిస్తుంది, లోపలున్న వేడి మాత్రం బయటికి పోతుంది. ముందు తడి బట్టలన్నీ విప్పించాడు. సంచిలో పొడి లుంగీ ఉంటే చుట్టాడు, దాని మీద పాత చొక్కాలు. అప్పుడు వెండి పొర, తల మీంచి కూడా, ముఖం వదిలి. జమ్ము రెట్టింపు పరిచి దాని మీద కూర్చోబెట్టాడు. చేతులూ కాళ్లూ రుద్దబోయిన పెద్దాయనని ఆపాడు. నన్ను ఇంకా కిందికి దించి, గాలి వైపు పూర్తిగా మూశాడు. పొయ్యి మాత్రం నా నీడలోకి రానివ్వలేదు, నేను మంటకి నిలవను. బయట గట్టు చాటున టీ కాచి, ఆయన మాట స్పష్టంగా ఉందని చూసుకున్నాకే పంచదార ఎక్కువేసి తాగించాడు.

ఆ రాత్రి గాలి అదిరింది. వెండి పొర ఒక్కటే ఉంటే ఎగిరి చిరిగిపోయేదే, చిన్న చిరుగు పడితే ఆ చివరిదాకా పోతుంది దానికి. నేనొక్కదాన్నే ఉంటే వానని ఆపేదాన్ని గానీ ఆ ముసలి ఒంట్లో వేడిని నిలబెట్టలేకపోయేదాన్ని. పొర లోపల చెమట చేరుతుంటే మనవడు గంటకోసారి విప్పి తుడిచి మళ్లీ చుట్టాడు. తెల్లవారేసరికి వణుకు ఆగింది. ఆ తరవాత ఆ పొట్లం గురించి పెద్దాయన ఎప్పుడూ ఎందుకనలేదు.

పిడుగులకి మాత్రం మేమిద్దరం అడ్డం కాము. ఉరుము వినిపించగానే లంకకి తిరిగి పక్కా ఇంట్లోకి చేరాల్సిందే. చదును నీళ్ల మధ్య దిబ్బ మీద మనిషే అన్నిటికంటే ఎత్తు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచి, ఆ నీళ్లన్నీ కొల్లేటికి దిగాయి. మా లంక దారి మునిగింది. గట్టు మీద నా కింద ఆ వారం వేటకెళ్లేవాళ్లు కాదు, బియ్యం బస్తా, పసిపిల్ల, మేకపిల్ల ఉన్నాయి. పడవలో వచ్చినవాళ్లు చీకట్లో టార్చి తిప్పుతూ ముందు నా రంగే గుర్తుపట్టి పడవని మా వైపు తిప్పారు. కొట్లో పెద్దాయన నీలం వద్దన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఎండ నన్ను తినేసింది. పాలిథిన్‌కి ఎండకి మించిన శత్రువు లేదు. నలిగిన చోట పూత పొలుసులుగా రాలుతోంది, ఎత్తి పట్టుకుంటే వెలుతురు చుక్కలు లెక్కలేనన్ని. మడత పెట్టకుండా చుట్ట చుట్టి, ఆరబెట్టి, ఎలకలకి అందకుండా దూలానికి కట్టినందుకే ఇన్నాళ్లు నిలిచాను. మొన్న మనవడు నన్ను నాలుగు ముక్కలు చేశాడు. ఒకటి జమ్ము మీద పరిచే పట్టా. ఒకటి అతుకులకి. ఒకటి వలల సంచి. మిగిలింది నీళ్లలోకి విసరబోయిన చిన్నపిల్లాడి చేతిలోంచి లాక్కుని, "కొల్లేట్లో ప్లాస్టిక్ వెయ్యకూడదురా, పిట్టలుంటాయి" అన్నాడు.

కొత్త బరకం కోసం గూడెం బయల్దేరారు ఇద్దరూ.

"తాతా, ఈసారి తొంభై జీఎస్ఎం చూద్దామా? ఇంకా మూడొందల గ్రాములు తగ్గుద్ది."

"చూద్దాం. ముందు కన్ను లాగి చూడు. ఎండకి ఎత్తి చూడు. రెండూ నిలబడితే తీసుకుందాం."

"మరి రెండో వెండి పొర?"

"అది అడగాలా? చిన్నతాత సంచిలోకి ఇంకోటి తెప్పించు."