సూత్రం ఓటరుది, భాష్యం సెనేటుది

ప్రజాస్వామ్య సిద్ధాంతానికి అమెరికాలోని కొన్ని రాష్ట్రాల శాసనసభలు ఇటీవల చేర్చిన అధ్యాయం ప్రకారం ఓటరులో ఇద్దరు మనుషులు ఉంటారు. అభ్యర్థి పేరుకు ఓటు వేసేటప్పుడు అతడు సర్వజ్ఞుడు, దూరదర్శి, ఆ అభ్యర్థి రాబోయే కాలంలో వేయబోయే ప్రతి ఓటునూ ముందే ఆమోదించిన వివేకి. ఒక చట్టానికి నేరుగా ఓటు వేసేటప్పుడు మాత్రం శీర్షిక చదివి వివరాలు వదిలేసిన అమాయకుడు. కనుక మొదటి ఓటును శిరసావహించాలి, రెండో ఓటును సరిదిద్దాలి. ఈ సిద్ధాంతాన్ని ఏ విశ్వవిద్యాలయమూ బోధించడం లేదు గానీ, ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్‌లో దీని ప్రయోగం రెండేళ్లకు పైగా సాగింది. ప్రయోగానికి ఎంచుకున్న పదార్థం గంజాయి.

2023 నవంబరు 7న ఒహాయో ఓటర్లు రెండో అంశం అనే పేరుతో బ్యాలెట్‌పైకి వచ్చిన ప్రతిపాదనను 57 శాతం ఓట్లతో ఆమోదించారు. ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారు రెండున్నర ఔన్సుల దాకా, అంటే దాదాపు 70 గ్రాముల గంజాయిని దగ్గర ఉంచుకోవచ్చని, మనిషికి ఆరు, ఇంటికి పన్నెండు మించకుండా మొక్కలు పెంచుకోవచ్చని, అమ్మకంపై 10 శాతం ప్రత్యేక పన్ను వేయాలని అది చెప్పింది. ఆ పన్ను ఎవరికి ఎంత చేరాలో కూడా లెక్క కట్టింది: పాత మత్తుమందుల చట్టాల వల్ల దెబ్బతిన్నవారికి వ్యాపారంలో చోటు కల్పించే సామాజిక న్యాయ నిధికి 36 శాతం, దుకాణాలు వెలిసిన ఊళ్లకు 36 శాతం, వ్యసన చికిత్సకు 25 శాతం, నిర్వహణకు 3 శాతం. వివరాలు లేవని ఎవరికైనా అనిపిస్తే, ఇంతకన్నా వివరంగా పంపకాలు రాసిన వీలునామాలు కూడా అరుదేనని వారికి గుర్తుచేయాలి.

భారతదేశంలో ఓటరుకు ఇటువంటి హక్కు లేదు కనుక దాని పనితీరు కొంత చెప్పుకోవలసి ఉంది. 1912లో చేసిన రాష్ట్ర రాజ్యాంగ మార్పుల ద్వారా ఒహాయో పౌరులు తమ చట్టాలను తామే ప్రతిపాదించుకునే అధికారం పొందారు. అందుకు రెండు దారులున్నాయి. రాజ్యాంగ సవరణ కోరితే, గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 10 శాతానికి సమానమైన సంతకాలు సేకరించాలి. అది గెలిస్తే శాసనసభ దానిపై చేయి వేయలేదు. మామూలు చట్టం కోరితే ముందుగా 3 శాతం సంతకాలు చాలు. అప్పుడు ప్రతిపాదన శాసనసభకు వెళుతుంది, దాన్ని చదివి, చర్చించి, ఆమోదించడానికో సవరించడానికో సభకు నాలుగు నెలల గడువు ఉంటుంది, సభ కదలకపోతే మరో 3 శాతం సంతకాలతో ప్రతిపాదన ప్రజల ముందుకు వస్తుంది. ఈ రెండో దారిలో గెలిచిన చట్టాన్ని శాసనసభ మర్నాడే మార్చగలదు. రాజ్యాంగంలో దానికి అడ్డు లేదు. గంజాయి ప్రతిపాదకులు నడిచింది ఈ రెండో దారిలోనే.

వివరాల సిద్ధాంతానికి ఇక్కడే మొదటి చిక్కు ఎదురవుతుంది. ప్రతిపాదన పాఠం 2022 ఆరంభంలోనే శాసనసభకు చేరింది. గడువు లెక్కపై తలెత్తిన వివాదం కోర్టుకెక్కి, రాజీ మేరకు అదే పాఠం 2023 జనవరిలో మళ్లీ సభ ముందుకు వచ్చి, మరో నాలుగు నెలలు బల్లమీద పడి ఉంది. సభ దాన్ని ఆమోదించలేదు, సవరించలేదు. వివరాలు చదివేందుకు రాజ్యాంగం ప్రత్యేకంగా ఇచ్చిన గడువును ఇలా మౌనంగా గడిపినవారే, ఓటింగు ముగిసిన నెల తిరగకముందే ఓటర్లు వివరాలు చదవలేదని ఆందోళన చెందారు. ప్రజల నిరక్షరాస్యతపై ఇంత శ్రద్ధ చూపిన సభ్యులకు తమ పఠనాభ్యాసంపై అంతటి శ్రద్ధ లేకపోవడం త్యాగబుద్ధికి నిదర్శనం కావచ్చు.

చట్టం డిసెంబరు 7న అమల్లోకి రావలసి ఉండగా, దానికి ముందు రోజుల్లో శాసనసభలో ఎగువ సభ అయిన సెనేటుకు చెందిన కమిటీ సిద్ధం చేసిన మొదటి ముసాయిదా ఇంట్లో మొక్కల పెంపకాన్ని పూర్తిగా తొలగించింది, రెండున్నర ఔన్సులను ఒకటికి కుదించింది, పన్నును 15 శాతానికి పెంచింది. ఓటర్లు అడిగినవాటిలో పెంచదగినదిగా సెనేటుకు కనిపించింది పన్ను ఒక్కటే. విమర్శలు చెలరేగాక ఇంటికి ఆరు మొక్కలను దయచేసి, డిసెంబరు 6న 28–2 ఓట్లతో మరో రూపాన్ని సెనేటు ఆమోదించింది. ఆ ఇరవై ఎనిమిది ఓట్లలో డెమొక్రాట్లవీ ఉన్నాయి గనుక భాష్యకారులందరూ ఒకే పార్టీవారన్న అపవాదుకు తావు లేదు. ప్రతినిధుల సభ మాత్రం దాన్ని చేపట్టకపోవడంతో, ప్రజల చట్టం మర్నాడు యథాతథంగా అమల్లోకి వచ్చింది. చిల్లర అమ్మకాలు 2024 ఆగస్టు 6న మొదలయ్యాయి.

సంప్రదాయ శాస్త్రాల్లో సూత్రకారుడు నాలుగు మాటల్లో చెప్పినదాన్ని భాష్యకారుడు విప్పిచెబుతాడు. సూత్రంతో విభేదించినా సూత్రంలోని అక్షరాన్ని చెరపడు. కొలంబస్ సంప్రదాయంలో భాష్యమే సూత్రాన్ని కొట్టివేస్తుంది, ఆపైన సూత్రకారుడి అసలు ఉద్దేశం ఇదేనని ప్రకటిస్తుంది. ఈ పద్ధతికి పరిణత రూపం యాభై ఆరో సెనేటు బిల్లు. దాన్ని ప్రవేశపెట్టినవారు టిప్ సిటీకి చెందిన వైద్యుడు, రిపబ్లికన్ సెనేటర్ స్టీవ్ హఫ్‌మన్. 2025 ఫిబ్రవరిలో సెనేటు ఆమోదించిన ఆ బిల్లు నెలల తరబడి రెండు సభల మధ్య ఊగి, చివరకు గవర్నర్ మైక్ డివైన్ సంతకంతో 2025 డిసెంబరులో చట్టమైంది. గంజాయికి మత్తు గుణాన్నిచ్చే రసాయనమైన టీహెచ్‌సీ, సారాల రూపంలో అమ్మే సరుకులో 90 శాతం దాకా ఉండవచ్చని ప్రజల చట్టం అనగా, కొత్త చట్టం దాన్ని 70కి దించింది. పొరుగు రాష్ట్రమైన మిషిగన్‌లో చట్టబద్ధంగా కొన్న సరుకును ఒహాయోలో దగ్గర ఉంచుకోవడం నేరమైంది. చట్టబద్ధంగా గంజాయి వాడారన్న ఒక్క కారణంతో పిల్లల సంరక్షణ హక్కునో, అవయవ మార్పిడి అవకాశాన్నో, వృత్తి లైసెన్సునో నిరాకరించరాదన్న రక్షణలు పోయాయి. సామాజిక న్యాయ నిధి అదృశ్యమైంది. ఊళ్ల 36 శాతం మిగిలి, తక్కినదంతా రాష్ట్ర సాధారణ ఖజానాకు మళ్లింది. శీర్షికకే ఓటు వేశారన్న వాదాన్ని నిజం చేయడానికే కాబోలు, శీర్షికను భద్రంగా ఉంచి వివరాలను ఏరివేశారు.

పంపకాల ఈ చివరి అంశం దగ్గర కొంచెం ఆగాలి. గంజాయివనంలో తులసి మొక్కలుగా తమను భావించుకునే సభ్యులు ఈ పదార్థం సమాజానికి చేసే చేటు గురించి గంభీరంగా ప్రసంగించారు. అయితే అదే చేటును మాన్పడానికి వ్యసన చికిత్సకంటూ ఓటర్లు విడిగా కట్టిపెట్టిన 25 శాతాన్ని ఖజానాలో కలిపేసేటప్పుడు ఆ గాంభీర్యం అడ్డు రాలేదు. గవర్నర్ అయితే 2025 బడ్జెటు ప్రతిపాదనలో పన్నును 20 శాతం చేయాలన్నారు. అంటే మొక్క పాపం, దానిపై వచ్చే పన్ను పుణ్యం.

ఇంత ధైర్యం ఎక్కడిదన్నది అసలు ప్రశ్న. 2020లో డోనల్డ్ ట్రంప్‌కు దాదాపు 53 శాతం ఓట్లిచ్చిన రాష్ట్రంలో గంజాయికి 57 శాతం రావాలంటే రిపబ్లికన్ ఓటర్లు గణనీయంగా తోడు కావలసిందే; సొంత ఓటర్ల తీర్పును తిరగరాసే పార్టీ సాధారణంగా కొంత భయపడాలి. భయం లేకపోవడానికి కారణం నియోజకవర్గాల గీతల్లో ఉంది. ఒక పార్టీకి లాభించేలా సరిహద్దులు గీసుకోవడాన్ని అదుపు చేసేందుకు ఓటర్లు 2015లోనూ 2018లోనూ భారీ మెజారిటీలతో రాజ్యాంగాన్ని సవరించారు. ఆ సవరణల కింద గీసిన పటాలను రాష్ట్ర సుప్రీంకోర్టు పదేపదే కొట్టివేసినా, 2022 ఎన్నికలు కొట్టివేతకు గురైన పటాలతోనే జరిగాయి. 2025 నాటికి ప్రతినిధుల సభలోని 99 స్థానాల్లో 65, సెనేటులోని 33లో 24 రిపబ్లికన్లవి. ఇటువంటి స్థానాల్లో చాలావరకు గెలుపు నిర్ణయమయ్యేది నవంబరు ఎన్నికలో కాదు, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నికలో; ఆ ఎన్నికకు వచ్చే కొద్దిమంది మెచ్చితే ఆ 57 శాతం మెచ్చకపోయినా నష్టం లేదు. చివరికి గంజాయి గురించిన నిజమైన పోరు రెండు పార్టీల మధ్య జరగలేదు. కఠినంగా కోతలు పెట్టాలన్న రిపబ్లికన్ సెనేటుకూ, ప్రజల పాఠాన్ని ఇంతగా గీకవద్దన్న జేమీ కాలెండర్ వంటి రిపబ్లికన్ ప్రతినిధులకూ మధ్య జరిగింది. ప్రతిపక్షం ప్రేక్షకుల వరుసలో కూర్చుంది.

ఈ రాజకీయానికి కేంద్రబిందువు లైమా పట్టణానికి చెందిన మాట్ హఫ్‌మన్, పైన చెప్పిన వైద్య సెనేటర్‌కు దాయాది. 1992లో ఓటర్లు రాజ్యాంగాన్ని సవరించి, ఏ సభ్యుడూ ఒక సభలో వరుసగా ఎనిమిదేళ్లకు మించి ఉండరాదని నిర్దేశించారు. మాట్ హఫ్‌మన్ ప్రతినిధుల సభలో ఎనిమిదేళ్లు ముగించుకుని, కొంత విరామం తర్వాత సెనేటుకు వెళ్లి దానికి అధ్యక్షుడై, అక్కడా ఎనిమిదేళ్లు నిండగానే తిరిగి ప్రతినిధుల సభకు వచ్చి 2025లో స్పీకర్ అయ్యారు. ఇందులో చట్టవిరుద్ధం ఏదీ లేదు. ఓటర్లు రాసిన వివరాలను అక్షరం పొల్లు పోకుండా చదవగల శక్తి శాసనసభ్యులకు ఉన్నదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర లేదు. ఎనిమిదేళ్ల నియమంలో 'ఒక సభలో' అన్న మాటను వారు ఎంత శ్రద్ధగా చదివారో దీనివల్ల తెలుస్తుంది.

ఒహాయో ఒంటరిది కాదు. మిసిసిపీలో 2020లో భారీ మెజారిటీతో గెలిచిన వైద్య గంజాయి సవరణను మరుసటి ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు 6–3తో కొట్టివేసింది. సంతకాలు అయిదు కాంగ్రెస్ నియోజకవర్గాల నుంచి రావాలని రాజ్యాంగం అంటుండగా, జనాభా లెక్కల తర్వాత రాష్ట్రానికి మిగిలింది నాలుగే. పాత అంకెను సవరించే తీరిక అన్నేళ్లుగా సభకు దొరకలేదు, తీర్పుతో గంజాయి ప్రతిపాదనే కాక ప్రతిపాదించే హక్కే మూలపడింది. మసాచుసెట్స్‌లో 2016 ఓటింగు అయిన నెలన్నరకే, సెలవుల వారంలో, వేళ్లపై లెక్కించదగిన సభ్యులు కూర్చుని దుకాణాల ప్రారంభాన్ని ఆరు నెలలు వెనక్కి నెట్టారు. మరుసటి ఏడాది పన్ను గరిష్ఠ పరిమితి 12 నుంచి 20 శాతానికి పెరిగింది. అయినా ఆ రాష్ట్రం ఒక మర్యాద పాటించింది: 'వద్దు' అన్న పట్టణాల్లో పాలకమండలే దుకాణాలను నిషేధించవచ్చని, 'సరే' అన్న పట్టణాల్లో నిషేధానికి తిరిగి ప్రజల ఓటు కావాలని నిర్ణయించి, ఊరూరా పడిన ఓటును కనీసం లెక్కలోకి తీసుకుంది.

ప్రజలు రాసిన ప్రతి చట్టమూ వేదవాక్కు అని ఎవరూ అనడం లేదు. హెంప్ అనే, టీహెచ్‌సీ తక్కువగా ఉండే గంజాయి రకం నుంచి తీసిన మత్తు పదార్థాలు వయసు పరిమితి లేకుండా పెట్రోలు బంకుల్లో అమ్ముడుపోతుంటే అడ్డుకోవడం శాసనసభ బాధ్యతే, ప్రజల చట్టం ఆ జోలికి పోలేదు కూడా. కొలంబస్, సిన్సినాటి పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తెలిసినట్లు, రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం గంజాయిని అనుమతించనందున, పౌరసత్వం లేనివారికి దానివల్ల వీసా చిక్కులు తప్పవు. ఇటువంటి హెచ్చరికలు దుకాణాల గోడలపై రాయించినా ఎవరూ తప్పుపట్టరు. లోపం పూడ్చడం వేరు, తీర్పు మార్చడం వేరు. అవయవ మార్పిడి రక్షణను తొలగించడం ఏ లోపాన్ని పూడ్చిందో భాష్యకారులు ఇంతవరకు సెలవివ్వలేదు.

అన్నిటికన్నా విచిత్రం 2023 సంవత్సరపు పంచాంగంలో ఉంది. ఆగస్టు నెలలో జరిగే ప్రత్యేక ఎన్నికలు డబ్బు దండుగ అని చాలావరకు రద్దుచేసిన అదే శాసనసభ, కొద్ది నెలలకే ఆగస్టు 8న ఒక ప్రత్యేక ఎన్నిక పెట్టింది. రాజ్యాంగ సవరణకు ఇకపై 60 శాతం ఓట్లు కావాలని, సంతకాలు 44 కౌంటీల నుంచి కాక మొత్తం 88 కౌంటీల నుంచి రావాలని కోరింది. రాజ్యాంగం పవిత్రమైనదని, రోజువారీ విధానాలతో దాన్ని నింపరాదని, వాటికి మామూలు చట్టాలే తగిన చోటని అప్పుడు వినిపించిన వాదం. ఓటర్లు 57 శాతం వ్యతిరేకతతో దాన్ని తిప్పికొట్టారు. మూడు నెలలకు గంజాయి ప్రతిపాదన సరిగ్గా ఆ ఉపదేశాన్ని పాటించి, రాజ్యాంగాన్ని ముట్టకుండా మామూలు చట్టంగా వచ్చి గెలిచింది. డిసెంబరులో దానికి దక్కిన సత్కారం: ఇది మామూలు చట్టమే కదా, మార్చవచ్చు.

అరిజోనా ఓటర్లు ఈ పాఠాన్ని ఏనాడో నేర్చుకున్నారు. 1996లో తాము ఆమోదించిన వైద్య గంజాయి చట్టాన్ని మరుసటి ఏడాది శాసనసభ నిర్వీర్యం చేస్తే, 1998లో వారు రాజ్యాంగాన్నే సవరించి, ప్రజలు చేసిన చట్టాన్ని మార్చాలంటే ఉభయ సభల్లో నాలుగింట మూడు వంతుల మద్దతు ఉండాలని, ఆ మార్పు చట్టం ఉద్దేశాన్ని ముందుకు నడిపేదిగా ఉండాలని కట్టడి చేశారు. ఒహాయో ఓటర్లకు మిగిలిన దారీ ఇదే: రెండు విడతల 3 శాతం సంతకాల చౌక దారి విడిచి 10 శాతం సంతకాల రాజ్యాంగ దారి పట్టడం. అప్పుడు గంజాయి మొక్కల సంఖ్య, పన్ను వాటా, సారాల శాతం అన్నీ రాజ్యాంగంలో అచ్చవుతాయి, దాని పవిత్రత గురించి సెనేటులో మళ్లీ శోకాలు వినిపిస్తాయి. రాజ్యాంగాన్ని ఇన్ని చిల్లర వివరాలతో నింపిందెవరని భావి చరిత్రకారుడు అడిగితే, సంతకాలు పెట్టిన ఓటర్లకన్నా ముందు, వారికి మరో దారి లేకుండా చేసిన సభ్యుల పేర్లు చెప్పవలసి ఉంటుంది.