పగడం పోయినా ప్యాకేజీ పోదు

పగడపు దిబ్బల గురించి ఇక ఎవరూ బెంగ పెట్టుకోనక్కర్లేదు. శాస్త్రవేత్తల వల్ల కాలేదు, ప్రభుత్వాలకు తీరిక లేదు. అందుకని ఆ భారాన్ని హనీమూన్ జంటలూ, బోనస్ చేతికందిన సాఫ్ట్‌వేర్ మిత్రబృందాలూ తలకెత్తుకున్నాయి. మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు, పొద్దున టిఫిను ఉచితం, ఒక స్కూబా డైవ్, దాంతోపాటు మీ పేరిట నాటిన ఒక పగడం. 2024 జనవరిలో ప్రధాని లక్షద్వీప్ ఫోటోలు వచ్చినప్పటి నుంచి ఈ వేడి తగ్గింది లేదు. మధ్యలో కొన్నాళ్ళు మాల్దీవులకు పోవడం దేశద్రోహమైంది, తర్వాత మళ్ళీ మామూలైంది. స్కూబా మాత్రం దేశభక్తిగా, పర్యావరణ సేవగా, పెళ్ళిరోజు కానుకగా ఏకకాలంలో స్థిరపడిపోయింది. సముద్రంలోకి దిగి నాలుగు బుడగలు వదిలితే ఇంత పుణ్యం వస్తుందని తెలిస్తే మన పూర్వీకులు పుష్కరాల దాకా ఆగేవారే కాదు. ఈ ప్యాకేజీలన్నిటి అడుగునా ఉన్న వాదం ఒక్కటే: దిబ్బ బతికుంటేనే వ్యాపారం, కాబట్టి వ్యాపారమే దిబ్బను బతికిస్తుంది, బంగారు గుడ్లు పెట్టే బాతును ఎవరైనా చంపుకుంటారా అని. రిసార్టు వాళ్ళు అంటారు, మంత్రులు అంటారు, తిరిగొచ్చినవాళ్ళు ఫోటో కింద రాస్తారు. నా పేచీ ఈ ఒక్క మాటతోనే. దిబ్బ చచ్చినా ఈ వ్యాపారం దివ్యంగా నడుస్తుంది. నడిచింది కూడా.

ముందు ఇక్కడ అమ్ముతున్న సరుకేమిటో చూద్దాం. హావ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) గానీ, మాల్దీవుల్లో గానీ, మన రుషికొండలో గానీ ఎక్కువ మంది చేసేది డైవింగ్ కాదు, దాని నమూనా. ప్రకటనలో మొదటి వాక్యమే ‘ఈత రాకపోయినా ఫర్వాలేదు’ అని ఉంటుంది. ఉబ్బసం ఉందా, గుండె జబ్బుందా అని అడిగే కాగితం మీద చదవకుండానే ‘లేదు’, ‘లేదు’ అని గీసి సంతకం పెడతారు. నడుం లోతు నీళ్ళలో కాసేపు శిక్షణ. నోటితో గాలి పీల్చడం, ముక్కు మూసుకుని చెవుల ఒత్తిడి తీర్చుకోవడం, మూడు నాలుగు చేతి సైగలు. తర్వాత శిక్షకుడు వెనకనుంచి సిలిండరు మెడ పట్టుకుని మనిషిని తీసుకెళ్తాడు. ఎంత లోతుకు పోవాలో, ఎటు తిరగాలో, ఎప్పుడు పైకి రావాలో అన్నీ అతనే చూసుకుంటాడు. కస్టమరు చేయాల్సిందల్లా ఊపిరి తీయడం, కెమెరా వైపు చూడటం. ఇక్కడే ఒక చిన్న ఇబ్బంది. నీళ్ళ కింద బొటనవేలు పైకెత్తితే ‘పైకి పోదాం’ అని అర్థం. పై లోకపు అలవాటు కొద్దీ కెమెరా కనబడగానే మనవాళ్ళ బొటనవేలు దానంతటదే లేస్తుంది. శిక్షకుడు కంగారుపడి, మనిషి భయపడ్డాడేమోనని పైకి తెచ్చేస్తాడు. అందుకే బొటనవేలు ఎత్తొద్దని పడవ మీదే పదేపదే చెప్పుకోవాల్సి వస్తుంది.

అంతా ఆ వీడియో కోసమే. డైవ్ ధరలో వీడియో కలిసే ఉందా, విడిగా కట్టాలా అన్నది బేరంలో తేలే మొదటి సంగతి. దిబ్బ మీద ఏ పగడాలున్నాయన్నది చివరి సంగతి కూడా కాదు. ఈ వీడియోలో ఒక గమ్మత్తుంది. నీరు ఎరుపు కాంతిని మొదట మింగేస్తుంది. అయిదారు మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది, పది మీటర్ల దగ్గర దాదాపు మిగలదు. అక్కడ టార్చిలైటు లేకుండా చూసే కంటికి లోకమంతా నీలం, బూడిద కలిసిన ఒకే చాయ. మరి మన ఫోన్లకొచ్చే వీడియోల్లో ఆ గులాబీ, నారింజ, ఎర్రమందారం రంగులు ఎక్కడివి? కెమెరా ముందు బిగించే ఎర్ర ఫిల్టరువి, లేదా డైవ్ సెంటర్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడివి. అతను ఒక గీటు జరిపితే ఎరుపు పెరుగుతుంది, ఇంకో గీటు జరిపితే నీలం తగ్గుతుంది. ఆ జంట నీళ్ళలో ఉన్న అరగంటలో చూడని దిబ్బను సాయంత్రం హోటల్ గదిలో చూసుకుంటారు.

ఇందులో తప్పేముంది, ఫోటోలకు రంగులద్దడం కొత్తా అనవచ్చు. తప్పు రంగులో లేదు, ఆ రంగు వ్యాపారానికిచ్చే స్వేచ్ఛలో ఉంది. ఎరుపు ఎలాగూ ల్యాప్‌టాప్‌లోనే పుడుతున్నప్పుడు అడుగున ఉన్నది బతికున్న పగడమైతేనేం, పాచి పట్టిన దాని అస్థిపంజరమైతేనేం? పగడం పక్కన చేపలుండాలి కదా అంటే, బిస్కట్టు ముక్కలు విదిలిస్తే చారల చేపలు గుంపుకట్టి వస్తాయి. దిబ్బకు బదులు ఏదైనా వస్తువు ముంచినా సరే. మహారాష్ట్ర తన సింధుదుర్గ్ తీరంలో పర్యాటకుల కోసం గుల్దార్ అనే రిటైరైన యుద్ధనౌకనే ముంచే పథకం వేసుకుంది. నీళ్ళ కింద పెళ్ళిళ్ళ గురించి రాయడానికి నాకు ఓపిక లేదు. కొనేది సముద్రాన్ని కాదు, సముద్రంలో దిగామన్న సాక్ష్యాన్ని. సాక్ష్యానికి పగడం ప్రాణాలతో ఉండనక్కర్లేదు.

ఇంకా ఘోరం ఏమిటంటే, చావే ఒక్కోసారి ఎక్కువ అందంగా కనబడుతుంది. పగడం వేలాది చిన్న చిన్న జీవుల కాపురం. వాటి కణాల్లో బతికే సూక్ష్మ శైవలాలు ఎండతో వండిపెట్టేదే వాటికి ప్రధానమైన తిండి, రంగు కూడా చాలావరకు ఆ శైవలాలదే. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠం కంటే నీరు ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే నిలిస్తే పగడం తన వంటవాణ్ణే బయటకు గెంటేస్తుంది. ఒళ్ళు గాజులా పారదర్శకమై, లోపలి సున్నపు ఎముక తెల్లగా బయటపడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. ఆ తెల్లని దిబ్బ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంగరం తొడిగితే ఫోటో అద్భుతంగా వస్తుంది. వెనకాల కనిపిస్తున్నది కరువు అని చెప్పేవాడు ఆ పడవలో ఉండడు. చెబితే టిప్పు పోతుంది.

ఇది నా ఊహ అనేవాళ్ళు మాల్దీవుల లెక్కలు చూడండి. 1998 ఎల్‌నినోలో అక్కడి లోతు తక్కువ నీళ్ళలోని పగడాల్లో 90 శాతానికి పైగా చచ్చిపోయాయి. బాతు సిద్ధాంతం నిజమైతే ఆ దేశపు పర్యాటకం ఆ తర్వాత కుప్పకూలాలి. 1998లో దాదాపు 3.96 లక్షల మంది వచ్చారు, 2000లో దాదాపు 4.67 లక్షల మంది వచ్చారు. 2016లో మళ్ళీ వేడి కొట్టింది, పరిశీలించిన పగడాల్లో 60 శాతం వరకు తెల్లబడ్డాయి. ఆ ఏడు వచ్చినవాళ్ళు 12.8 లక్షల పైచిలుకు, మరుసటేడు దాదాపు 13.9 లక్షలు, 2024లో 20 లక్షలు దాటారు. బాతు చచ్చిన తర్వాతే గుడ్లు ఎక్కువయ్యాయి! 2009 అక్టోబరులో ఇదే దేశపు మంత్రివర్గం సిలిండర్లు కట్టుకుని నీళ్ళ అడుగున సమావేశమై, మమ్మల్ని ముంచొద్దని లోకానికి విన్నవించుకుంది. తర్వాత ఒడ్డుకొచ్చి విమానాశ్రయాలు కట్టుకుంటూ పోయింది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఆ జనవరి ఫోటోలు చూసి దేశం ఉప్పొంగుతున్న నెలల్లోనే లక్షద్వీప్ సముద్రం ఉడుకుతోంది. 2023 అక్టోబరు నుంచే అక్కడ వేడిగాలి లాంటి వేడినీరు పట్టుకుందనీ, పగడాలు తీవ్రంగా తెల్లబడ్డాయనీ కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2024 మేలో చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్ 15న అమెరికా శాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్తంగా ఇది నాలుగో తెల్లబారుడు అని ప్రకటించారు. ఆ వార్త ఏ ట్రావెల్ యాప్ పంచింది? అగత్తి, కద్మత్, కవరత్తి దిబ్బలను పాతికేళ్ళుగా కొలుస్తున్నవాళ్ళు తేల్చిందేమిటంటే 1998లో సుమారు 37 శాతం ఉన్న సజీవ పగడం 2022 నాటికి 20 శాతం లోపుకు పడిపోయింది. దాదాపు సగం పోయింది. పోయిన ఆ సగం మీద నిలబడే మనం సుహేలీలో 110 గదులు, కద్మత్‌లో 110 గదులు, రెండూ కలిపి అందులో 85 ఏకంగా లగూన్ నీళ్ళ మీదే, అని 2023లో టాటాల హోటల్ కంపెనీ చేసిన ప్రకటన విని చప్పట్లు కొట్టాం.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. లక్షద్వీప్ అంటే మొత్తం 32 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం 64 వేల పైచిలుకు జనం. వాళ్ళ కాళ్ళ కింద ఉన్న నేలే పగడం. అలను విరగ్గొట్టే గోడ పగడం. ఉప్పునీటి మీద పలచగా తేలే మంచినీటి పొరను నిలిపేది ఆ పగడపు ఇసుక. బంగారం అనే దీవి దగ్గర పరళి-1 అనే చిన్న దీవి కోసుకుపోయి కనుమరుగైందని 2017లో తేలింది. దిబ్బ పోతే ఏమవుతుందో అక్కడివాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అక్కడి జాలరులు గేలంతో, ఒక్కో చేపగా ట్యూనా పడతారు. ఆ ట్యూనాకు ఎరగా వేసే బతికున్న చిన్న చేపలు లగూన్‌లో, దిబ్బ చుట్టూ దొరుకుతాయి. దిబ్బ ఉంటేనే బతుకు అన్న మాట ఈ భూమ్మీద ఎవరికైనా అక్షరాలా వర్తిస్తే వాళ్ళకే. అలాంటి వాళ్ళు వలలూ పడవలూ దాచుకునే పాకలను 2021లో తీరప్రాంత నిబంధనలకు విరుద్ధమని కూలగొట్టారు. అదే ఏడాది నీళ్ళ మీదా ఒడ్డు మీదా విల్లాల కోసం 806 కోట్ల టెండర్లు పిలిచారు. పాక తీరానికి ముప్పు, విల్లా తీరానికి రక్ష! ఇలాంటి సిగ్గులేని తర్కానికి పర్యావరణం అనే పేరు పెట్టడం చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఈ నష్టానికి ఉపశమనంగా చూపేది పర్యాటకుల పేరిట పగడం నాటడం. ఇనుప చట్రానికి ఇసుకపూత పూసి, దానికి విరిగిన పగడం కొమ్మలను ప్లాస్టిక్ టైలతో బిగించి, పక్కన పేరు బిళ్ళ తగిలిస్తారు. ఆరు నెలలకోసారి ఫోటో పంపుతామంటారు. ఆరు నెలల్లో ఎదుగుదల కనబడాలంటే త్వరగా పెరిగే కొమ్మల జాతులే కట్టాలి. ఆ కొమ్మల జాతులే వేడికి ముందుగా చస్తాయి. గుండ్రాయిలా ఉండి కాస్త తట్టుకునే పగడం ఏడాదికి సెంటీమీటరు పెరగడమే గొప్ప, దాని ఫోటో ఎవరికి కావాలి? 2023 వేసవిలో ఫ్లోరిడాలో ఏళ్ళ తరబడి నాటిన కొమ్మ పగడాలు వారాల్లో చచ్చిపోయాయి, మిగిలినవాటిని ఒడ్డున తొట్లలో దాచుకున్నారు. అక్కడ నాటినవాళ్ళు నిపుణులు. మన సర్టిఫికెట్ జంట ఏ పాటి? దిబ్బకు హాని చేయదని సీసా మీద రాసుకున్న సన్‌స్క్రీన్ గురించి ఒక్క మాట చాలు: ఆ మాటకు అంతటా ఒప్పుకున్న ప్రమాణమేదీ లేదు.

డైవర్లు భూమిని వేడెక్కించలేదు, థర్మల్ కేంద్రాలను వదిలి మా మీద పడతారేం అని అడుగుతారు. నిజమే, వేడి ప్రధానంగా బొగ్గు నుంచీ చమురు నుంచీ వచ్చింది. ఆ మాట ఒప్పుకున్నాక ఇంకోటి కూడా ఒప్పుకోవాలి: మీ డైవ్ దాన్ని తగ్గించదు, మీరెక్కిన విమానం కాస్త పెంచుతుంది. సముద్రాన్ని చూసినవాడే సముద్రాన్ని ప్రేమిస్తాడని మరో వాదం. ఏళ్ళ తరబడి ఒకే దిబ్బకు పోయి, తెల్లబడిన చోట్లను రాసి, శాస్త్రవేత్తలకు పంపే డైవర్లు ఉన్నారు. వాళ్ళకు దండం. వాళ్ళను చూపించి అరగంట సరుకు అమ్మడమే నా అభ్యంతరం. కొత్తవాళ్ళ చేతిలో కెమెరా ఉంటే దిబ్బకు దెబ్బ తగులుతుందని గ్రహించే థాయ్‌లాండ్ 2025లో అనుభవం లేని డైవర్లు నీళ్ళలోకి కెమెరా తీసుకెళ్ళకూడదని నిబంధన పెట్టింది. అదే దేశం 2018లో మాయా బేను మూసేసింది, మూడేళ్ళు దాటేదాకా తెరవలేదు. మనుషులు పోగానే సొరచేపలు తిరిగొచ్చాయి. ప్రేమించేవాళ్ళు రాకపోతే సముద్రం ఎలా బతుకుతుందన్న బెంగకు ఇంతకు మించిన జవాబు నాకు తెలియదు.

మిగిలింది ఉపాధి. దీవుల పిల్లలకు ఉద్యోగాలు వద్దా అని గొంతు చించుకుంటారు. కావాలి. ఆ దీవుల వాళ్ళే నడిపే చిన్న హోమ్‌స్టేలు, లెక్క కట్టి ఇచ్చే పర్మిట్లు, దిబ్బ తెల్లబడిన ఏడాది డైవింగ్ మూసే అధికారం వాళ్ళ పంచాయతీ చేతిలో పెట్టండి, ఎవరు కాదంటారు? అది కుదరదంటే కనీసం ఒక పని చేయండి. బ్రోచర్లో గది అద్దె పక్కనే, అదే సైజు అక్షరాల్లో, ఆ దిబ్బ మీద బతికున్న పగడం 1998లో ఎంత శాతమో, పోయినేడు ఎంతో అచ్చు వేయండి. దిబ్బ ఉంటేనే వ్యాపారమని మీరు నిజంగా నమ్మితే ఆ అంకె వేయడానికి భయం దేనికి? పగడం సగమైందని ధర సగం చేసిన రిసార్టు ఒక్కటి చూపించండి, ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను.