అన్‌ఫిట్

కారంపూడి వీర్లగుడి వైపు కుర్రాడు. బీకాం చదివి ట్యాలీ నేర్చాడు, మూడు ఎరువుల కొట్లకు జీఎస్టీ లెక్కలు చూస్తాడు. పుట్టుకతోనే ఎడమ కాలు పొట్టి. ఆ కాలి చెప్పుకి రెండంగుళాల అట్ట ఎక్కువ కుట్టించుకుని నడుస్తాడు. పత్తి మిల్లులో గుమాస్తా కావాలంటే వెళ్లాడు. యజమాని లెక్కల గురించి ఒక్క ముక్క అడగలేదు.

"కాలేందబ్బాయ్, పోలియోనా?"

"పుట్టుకతోనండి."

"మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా?"

"లేదండి."

"మూర్ఛ గట్రా?"

"లేదండి."

"మా ఆఫీసు మేడ మీద. ఎట్టా ఎక్కుతావు?"

వాడు కూర్చుని జవాబులు చెబుతున్నది ఆ మేడ మీదే.

"ఇయ్యాలంటే ఎక్కావు, రోజూ ఎక్కాలి గదా" అని యజమాని దరఖాస్తు మీద ఎర్ర పెన్నుతో 'అన్‌ఫిట్' అని గీకాడు. "బాలచంద్రుడు కత్తి పట్టిన గడ్డ ఇది. మనిషి గట్టిగా ఉండాలబ్బాయ్" అని కూడా అన్నాడు. చిట్టా ఆవర్జాలు రాయడానికి బాలచంద్రుడెందుకో నాకైతే అంతుబట్టలేదు.

బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, ఉద్యోగం ఇస్తామని చెప్పేదాకా ఆరోగ్యం ఊసే ఎత్తకూడదు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టమూ ప్రైవేటు సంస్థల్ని వదల్లేదు. అందరికీ సమాన అవకాశాలు ఎలా ఇస్తారో రాసి నలుగురికీ కనపడేట్టు పెట్టమంది. ఈ మిల్లు గోడకి కనపడేవి లక్ష్మీదేవి క్యాలెండరు, కాటా రేట్ల బోర్డు.

అలాగని యజమానికి ఆ చట్టం బొత్తిగా తెలియదనలేం. సర్కారు కొలువుల్లో 4 శాతం కోటా అనే ముక్క కంఠతా వచ్చు. వీరుల తిరునాళ్ల వెళ్లిన వారానికి కుర్రాడికి ఫోను చేశాడు.

"అబ్బాయ్, నీకు సదరం సర్టిఫికెట్ ఉందంటగా. ఎంత శాతం రాశారు?"

"యాభై అండి."

"మావాడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. 40 పడితే కోటాలోకొస్తాడు. ఏ డాక్టర్ని పట్టుకోవాలో కాస్త చెప్పు. ఖర్చు సంగతి నేను చూసుకుంటా."

కుర్రాడు నిజంగానే కంగారుపడ్డాడు. "అయ్యో, బాబుకేమైందండి?"

"వాడికేమవుద్ది? ఎద్దులా ఉన్నాడు. కాయితం కోసం."

"దానికి డాక్టరెందుకండి? మీ మిల్లులోనే గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టించండి. మేడెక్కి కూర్చున్నోణ్నే ఎక్కలేడని రాసిన చెయ్యి మీది."