అత్త రష్యా, దుత్త రొయ్య

నాగాయలంకలో రొయ్యల చెరువు గట్టు మీద కూర్చున్న రైతును వాతావరణం ఎలా ఉందని అడిగి చూడండి. ఆకాశం వంక చూడడు, సెల్‌ఫోను వంక చూస్తాడు. "వాషింగ్టన్‌లో ఇంకా తెల్లారలేదండీ" అంటాడు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కనీసం సముద్రం వైపు నుంచి వచ్చింది. ఇప్పటి ఉప్పెనలు ఎటు నుంచి వస్తాయో చెప్పడానికి తుపాను హెచ్చరిక కేంద్రం చాలదు.

2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు పెద్ద అట్ట ఒకటి చేతపట్టుకుని మన దేశానికి 26 శాతం సుంకం అన్నాడు. మనకది అర్ధరాత్రి దాటిన వేళ. సుంకం ఇంకా అమల్లోకి రాలేదు. వేరే రేటుకు ఒప్పుకున్న సరుకు ఇంకా సముద్రం మీదే ఉంది. అయినా రోజులు తిరక్కుండా చెరువుల దగ్గర కౌంటు రేట్లు జారాయి. వారం గడిచాక, ఏప్రిల్ 9న, అదే పెద్దమనిషి 90 రోజులు వాయిదా వేశానన్నాడు. మరి ఆ కబురు అందిందా అని రొయ్యలు కొనే ఏజెంటును అడిగితే, "అందింది బాబాయ్, కానీ మార్కెట్ కుదుటపడాలి కదా" అంటాడు. చెడ్డ కబురు విమానమెక్కి వస్తుంది. మంచి కబురు కంటైనర్‌లో, ఐసు గడ్డల మధ్య, ఓడ మీద బయలుదేరుతుంది. దిగడానికి రేవు కావాలిగా! బందరు పోర్టుకు 2008లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఒకటి, మూడు శంకుస్థాపనలు జరిగాయి. ముగ్గురు ముఖ్యమంత్రుల శిలాఫలకాలు వరసగా పేర్చి ఉంటే ఈపాటికి ఓ బెర్తయినా తయారయ్యేది.

ఆగస్టుకు అసలు కథ మొదలైంది. 7న 25 శాతం, 27న ఇంకో 25. రెండోది రష్యా చమురు కొన్నందుకు శిక్షట. కొన్నది రిఫైనరీలు. కోడూరు చెరువులో రొయ్య రష్యా చమురు చుక్క ఎరగదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడం మన ఇళ్లలోని సంగతే అనుకున్నాం, శ్వేత సౌధంలోనూ అదే కాపురం. పాత యాంటీ డంపింగ్ వగైరాలు కలిపితే మన రొయ్య మీద 58 శాతం దాటింది. అప్పుడు పోటీదారు ఈక్వడార్ రొయ్యకు అసలు సుంకం 15 శాతమే. వాళ్ల దేశంలో చెల్లేది డాలరే కాబట్టి మారకం బెంగ కూడా లేదు.

ఇంతకీ మన చెరువుల్లో పెరిగే ఈ వన్నామీ రొయ్య ఎవరి బిడ్డ? 2009లో మన దేశం దీని పెంపకానికి అనుమతించింది. తల్లి రొయ్యలు హవాయి నుంచీ ఫ్లోరిడా నుంచీ విమానంలో వస్తాయి. పుట్టిల్లు అమెరికా, పురుడు మన కోస్తాలో. మేత, కరెంటు, ఏరియేటర్ల డీజిలు, తెల్లమచ్చ తెగులు వస్తుందేమోనని నిద్రలేని రాత్రులు, అన్నీ మన ఖాతాలో. పెంచి పెద్దచేసి పుట్టింటికి పంపితే గుమ్మంలో సుంకం అడుగుతున్నారు. మేతలోని సోయాదీ ఆ కబుర్ల వరసే. ప్రపంచంలో సోయా ధర పెరిగితే మేత బస్తా మర్నాడే పెరుగుతుంది. తగ్గితే "పాత స్టాకండీ."

ఎగుమతి పోతే మనమే తిందాం అని సలహా. తింటాం, బందరు వాళ్లకు రొయ్య తినడం ఒకరు నేర్పాలా? కానీ చెరువు గట్టున రేటు కూలిన వారంలో ఏ హోటల్లోనైనా రొయ్యల వేపుడు ధర తగ్గిందేమో చూసి రండి. వాళ్లది స్వతంత్ర ఆర్థిక వ్యవస్థ.

గుడివాడ వడ్ల రైతుకు ఇంకో పాఠం. 2023లో ప్రపంచ బియ్యం ధరలు ఎగబాకుతుంటే జూలై 20న తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించారు. 2024 సెప్టెంబరులో నిషేధం ఎత్తేశారు, ధర దిగింది. ధర ఉన్నప్పుడు దేశభక్తి, లేనప్పుడు స్వేచ్ఛా వాణిజ్యం.

దూరదేశాల నిర్ణయాల దెబ్బ బందరుకు కొత్త కాదు. 1611లో ఇంగ్లీషు వాళ్లు ఇక్కడ దిగి వర్తకం మొదలెట్టేనాటికే డచ్చివాళ్లు కొట్లు పెట్టుకుని ఉన్నారు. మన తీరపు అద్దకం బట్టకు ఐరోపా మోజుపడింది. మోజు ముదిరాక ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో మరోసారి ఆ బట్టల మీద చట్టాలు తెచ్చి మూతపెట్టాయి. అప్పటి సాకు అక్కడి నేతగాడి కూడు, ఇప్పటి సాకు అక్కడి రొయ్యల వేటగాడి కూడు. పెడనలో అచ్చులు కొట్టేవాడి కూడు ఏ చట్టంలోనూ లేదు. అమెరికా సుంకం మాత్రం అతణ్ని మరిచిపోలేదు, బట్ట మీదా పడింది.

2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. పట్టుబడి రోజు తెల్లవారుజామున రైతు ఆశగా అడిగాడు.

"డాలరు పెరిగిందిగా అబ్బాయ్, మనకేమైనా కలుస్తుందా?"

ఏజెంటు కాటా సరిచేస్తూ, "సుంకం మనందరిదీ బాబాయ్, డాలరు కంపెనీది" అన్నాడు.

బేరం తెగేలోపే వల గట్టెక్కింది. ఒడ్డున పడ్డ రొయ్యకు గంటల లెక్క. రైతు ఐసు లారీని వెనక్కి రమ్మని చెయ్యి ఊపాడు.