ఘట్‌కేసర్ గిటారు పద్యం: టీకా తాత్పర్య సహితం

మూలము

ఆ.వె.
తీగ ముట్ట నాగు దీర్ఘమౌ రొదయంత
తాకకున్న మోగు తంత్రి మరల
గోడ మూడు కాళ్ళ గుట్టును విడనాడి
పికపు మార్చువాడు పిచ్చివాడు

అవతారిక

ఘట్‌కేసర్‌లో ఒక కుర్రవాడి దగ్గర 1980లలో జపాన్‌లో తయారైన ఎలక్ట్రిక్ గిటారు ఉంది. చేతులు మారీ మారీ అతని చేతికొచ్చింది. వాయిస్తే బాగానే పలుకుతుంది. వాయించకపోతే ఇంకా బాగా పలుకుతుంది, గుయ్యిమని. దాన్ని భుజాన వేసుకుని నాచారం వెళ్తే, అక్కడ ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్కు చేయవలసింది చేసి, బిల్లు వెనక ఈ పద్యం రాసిచ్చాడు. రిపేరు రిపోర్టును ఆటవెలదిలో ఇచ్చేవారు అరుదు గనుక వ్యాఖ్యానం అవసరమైంది. మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చి మరీ టీకలు రాశాడు. కరెంటు విషయంలో ఆ వ్రతం సాగదు. మూలంలో లేనిదే ఇక్కడ షాకు కొడుతుంది.

ప్రతిపదార్థము

తీగన్ ముట్టన్ = గిటారు తీగను తాకగా; దీర్ఘమౌ = ఎడతెగని; రొద అంత = ఆ మోత మొత్తం; ఆగున్ = నిలిచిపోతుంది; తాకకున్నన్ = చెయ్యి తీసేస్తే; తంత్రి = ఆ వాద్యమే; మరల మోగున్ = మళ్ళీ మొదలెడుతుంది; గోడ = గోడకున్న సాకెట్టు యొక్క; మూడు కాళ్ళ = ఫేజు, న్యూట్రలు, ఎర్తు అనే మూడింటి; గుట్టును = సంగతిని; విడనాడి = వదిలేసి; పికపు = అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగను వేల చుట్లు చుట్టిన సాధనాన్ని; మార్చువాడు = కొత్తది కొని వేయించేవాడు; పిచ్చివాడు = స్పష్టం.

టీక

రొద: ఇది మన కరెంటు స్వరం. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే విద్యుత్తు కనుక 50 హెర్ట్జ్. గిటారు లావుపాటి ఆరో తీగ 82 దగ్గర పలుకుతుంది, అంటే ఈ మోత దానికంటే కింద. పాశ్చాత్యుల జి స్వరం 49 దగ్గర ఉంది కాబట్టి మన గుయ్యి దానికి వెంట్రుకవాసి పైన, ఉజ్జాయింపుగా శ్రుతిలోనే ఉంటుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. వాళ్ళ గుయ్యి బి ఫ్లాట్‌కీ బి స్వరానికీ నడుమ ఎటూ కాకుండా వేలాడుతుంది. ఈ ఒక్క విషయంలో ఘట్‌కేసర్ వారిది పైచేయి.

తంత్రి: తంత్రి అనే పెద్దమాట వీణకే తగునని ఒక ఆక్షేపణ. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగరాజ కృతులు వాయించాక ఆ ఆక్షేపణ నిలవదు. అసలు ఆక్షేపించవలసింది వేరే. మోగేది తంత్రి కాదు, స్పీకరు. కవికి అది తెలుసు. యతి కోసం తంత్రిని ఇరికించాడు.

ముట్ట నాగు: దీని దగ్గర వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. "ముట్టన్ + ఆగు" అని విడదీస్తే, తాకగానే రొద ఆగుతుందని అర్థం. "ముట్ట, నాగు" అని విడదీస్తే, ముడితే త్రాచుపామే అని అర్థం. ఇక్కడ రెండూ నిజమే. మన ఒళ్ళు గదిలోని వైర్ల నుంచి 50 హెర్ట్జ్‌ను పట్టుకుని గిటారుకు అందిస్తూ ఉంటుంది. తీగకు ఎర్తు వైరుంటే, ముట్టగానే ఒళ్ళు కూడా ఎర్తులో కలిసి ఆ పని మానేస్తుంది. అందాకా మేలే. ఆంప్లిఫయర్‌కే ఎర్తు లేకపోతే మాత్రం గోడ చేయవలసిన పని చెయ్యి చేస్తుంది. రొద ఆగుతుంది గానీ వేళ్ళు చిమచిమలాడతాయి. ఆ చిమచిమే నాగు. దీన్ని హాస్యంగా తీసుకోవద్దు. స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ 1972 మే 3న స్వాన్సీలో, వేదిక మీద, సరిగా ఎర్తు లేని మైకును ముట్టుకుని చనిపోయాడు.

ఆక్షేప సమాధానాలు

ఆక్షేపం: కంపెనీవారు దీన్ని యాక్టివ్ గిటారుగా చేశారు కదా. యాక్టివ్ పికప్పు లోపలే చిన్న ప్రీఆంప్లిఫయర్ ఉంటుంది, 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది, చుట్టూ దాని కవచం దానికే ఉంటుంది. 1976లో అమెరికాలో మొదలైన ఈఎమ్‌జీ వారు తీగలకు ఎర్తు వైరు కలపనక్కర్లేదనే చెబుతారు. మరి తీగ ముడితే రొద ఎలా ఆగింది?

కుర్రవాడూ ఇదే అడిగాడు.

"అన్నా, ఇది యాక్టివ్ గద, తీగలకు వైరెందుకు?"

"రెండిట్ల ఒకటే యాక్టివ్ తమ్మీ. ఇంకోటి ఎవడో పీకి మామూల్ది పెట్టిండు."

సమాధానం అంతే. పాత గిటార్ల జాతకమంతా ఈ "ఎవడో"లో ఉంది. యాక్టివ్ పికప్పుల కోసం కంపెనీవారు తీగల వైరు తీసేశారు. తర్వాతి యజమాని ఒకదాన్ని ఒకే చుట్ట ఉన్న సాధారణ సింగిల్ కాయిల్‌తో మార్చాడు, వైరు మాత్రం తిరిగి కలపలేదు. దానికేమో కవచం లేదు, ఎర్తు లేదు. మెకానిక్కు తీగలు ఆనే బ్రిడ్జి కింద నుంచి, ప్లగ్గు దూర్చే జాకు దాకా ఒక వైరు సోల్డరు చేశాడు. పద్యంలోని మొదటి రెండు పాదాలు ఆ వైరు పడ్డాక కనిపించిన లక్షణం. వేయకముందు తీగ ముడితే ఏమీ జరిగేది కాదు, జాకు ఇనుము ముడితేనే ఆగేది.

ఇంకో ఆక్షేపం: ఘట్‌కేసర్ మీదుగా కాజీపేట రైలుమార్గం పోతోంది, పైన 25 వేల వోల్టుల తీగ, రొద దానిదే కావచ్చు. కుర్రవాడి నాన్నగారి సిద్ధాంతమిది. అదే గిటారును ఉప్పల్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో పెడితే నిశ్శబ్దంగా ఉంది. ఆ ఇంటి ముందు నుంచే మెట్రో పోతుంది, దానికీ 25 వేల వోల్టులే. ఆ ఇంటికి ఎర్తు ఉంది. రైల్వేవారు నిర్దోషులు.

అధ్యాహార్యము

కవి చెప్పక వదిలినది బ్యాటరీ. బ్యాటరీ కరెంటు ఊగదు, కనుక గుయ్యిమనదు. దాని బదులు ఎలిమినేటరు తగిలించినవారి గిటారు మాత్రం 100 హెర్ట్జ్ దగ్గర, అంటే ఒక స్థాయి పైన, సన్నగా పాడుతుంది. జాకు సంగతీ చెప్పలేదు. యాక్టివ్ గిటారులో జాకే స్విచ్చు. ప్లగ్గు దూర్చగానే లోపలి రెండు రేకులు కలిసి బ్యాటరీ మొదలవుతుంది. నలభై ఏళ్ళ చిలుము పట్టిన రేకు రొదనూ, చిటపటలనూ, అప్పుడప్పుడు మౌనాన్నీ కూడా ఇస్తుంది. రేకును శుభ్రం చేసి కాస్త వంచితే సరి. మెకానిక్కు ఇది కూడా చేశాడు. బిల్లులో రాశాడు, పద్యంలో రాయలేదు.

మూడో పాదం

అసలు వ్యవహారమంతా ఈ పాదంలో ఉంది. మన త్రీపిన్ ప్లగ్గులో ఎర్తు కాలు మిగతా రెంటికంటే లావు, పొడుగు. లోపలికి అందరికంటే ముందు పోవాలి, బయటికి అందరికంటే చివర రావాలి. అదే దాని ఉద్యోగం. ఘట్‌కేసర్ ఇంట్లో సాకెట్టుకు మూడు రంధ్రాలూ ఉన్నాయి గానీ, పై రంధ్రం వెనక వైరు లేదు. ఇల్లు కట్టినవాడు రంధ్రం చూపించాడు, ఎర్తుగుంత తవ్వలేదు. తవ్విన ఇళ్ళలోనూ గండం ఉంది. ఈ ప్రాంతమంతా మొరం, దాని కింద గ్రానైటు. ఉప్పూ బొగ్గూ పొరలుగా వేసి పూడ్చిన గుంతకు ఎండాకాలంలో నాలుగు బిందెల నీళ్ళు పోయకపోతే అది పేరుకే ఎర్తు.

కాబట్టి క్రమం ముఖ్యం: ముందు గోడ, తర్వాత వైరు. ఎర్తు లేని ఆంప్లిఫయర్‌ను తీగలకు కలిపితే నాగును చేతికి చుట్టుకున్నట్టే. రొద పోతుందని ఎర్తు పిన్ను పీకేవారూ, టేపు చుట్టేవారూ ఉన్నారు. కవి "పిచ్చివాడు" అన్న మాట వారి కోసం దాచుకోవలసింది.

పికపు మార్చువాణ్ణి అలా అనడం నాకు సమ్మతం కాదు. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్ ఊరికే పుట్టలేదు. రెండు చుట్టలను, అయస్కాంత ధ్రువాలు కూడా తిరగేసి, ఎదురెదురుగా కలిపితే బయటి నుంచి వచ్చిన రొద వాటిలో తనను తానే కొట్టేసుకుంటుంది, తీగ స్వరం మిగులుతుంది. ట్రాన్స్‌ఫార్మరు పక్కన సింగిల్ కాయిల్‌తో కూర్చోవలసినవాడు దాన్ని కొనుక్కుంటే తప్పేమీ లేదు. ఎర్తు లేని ఇంట్లో కొంటే మాత్రం కవిదే గెలుపు. "పికప్" తోక కోసి "పికపు" చేసి సూర్యగణంలో కుదించినందుకు లాక్షణికులు ఎలాగూ ఆయన మీద దావా వేస్తారు, మనం వేయనక్కర్లేదు.

తాత్పర్యము

గోడలో ఎర్తు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోకుండా గిటారు విప్పవద్దు.

విశేషము

ఘట్‌కేసర్ ఇంటికీ ఎర్తు పడ్డాక రొద పోయింది, కానీ ఆంప్లిఫయర్‌కు మరీ దగ్గరగా కూర్చుంటే సింగిల్ కాయిల్‌లో పిసరంత మిగిలింది. ఇది అయస్కాంత మార్గంలో వచ్చేది, ఎర్తుకు లొంగదు. ఇలాంటి బాధ పెద్దలకూ తప్పలేదు. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1964 నుంచి తన ఆవరణలోనే భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తోంది. చుట్టూ నగరం పెరిగి రొద ఎక్కువయ్యాక, ఊరికి దూరంగా చౌటుప్పల్‌లో మరో వేధశాల పెట్టుకుంది. గిటారు వాయించేవాడికి చౌటుప్పల్ దాకా పని లేదు. కుర్చీ రెండు గజాలు వెనక్కి జరిపి, రొద తగ్గే వైపు కాస్త పక్కకు తిరిగితే చాలు.